నాక్ సెన్సర్ ఉంది కదా అని ఏ పెట్రోలైనా పోసేస్తామా?

"ఇప్పటి కార్లకు ఏ పెట్రోల్ పోసినా ఒకటే, నాక్ సెన్సర్ చూసుకుంటుంది." పెర్ఫార్మెన్స్ కార్ల గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఈ మాట వినపడకుండా ఉండదు. నాక్ అంటే సిలిండర్‌లో పెట్రోల్ మిశ్రమం మంట తనదాకా రాకముందే తనంతట తాను అంటుకోవడం, దాన్ని పసిగట్టేది నాక్ సెన్సర్. దానికి పోటీగా ఇంకో మాటా వినిపిస్తుంది: "అంత ఖరీదైన బండి కొన్నాక పెట్రోల్ దగ్గర పీనాసితనం ఎందుకు? దొరికేవాటిలో పెద్ద నంబరు పోయించేయండి." రెండూ ధీమాగా చెప్పేవే. రెండిట్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఇన్నేళ్లుగా చలామణి అవుతున్నాయి. కానీ రెండిటినీ నమ్మి నష్టపోయేవాళ్లు ఉన్నారు: మొదటి మాట నమ్మినవాళ్లు ఇంజిన్‌తో, రెండో మాట నమ్మినవాళ్లు డబ్బుతో.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఏ గ్రేడు సరైనదో తేల్చేది బంకులో రాసిన ప్రీమియం అనే మాట కాదు, మన మోజు అంతకన్నా కాదు. ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ ఎప్పుడు పడాలన్నదాన్ని) ఎంతవరకు రాసి ఉంచారు, మన పెట్రోల్ ఆ టైమింగ్‌ను అందుకోనిస్తోందా లేదా అన్నదే లెక్క. దీన్ని ఊహించాల్సిన పనిలేదు, చూసి తెలుసుకోవచ్చు. అలా చూడనంతవరకు నాక్ సెన్సర్‌ను పొదుపు పథకంగా వాడుకోకూడదు.

ముందు ఆ నంబరు ఎవరి లెక్కలోదో చూడాలి

బంకులో గ్రేడుగా రాసే నంబరు ఆక్టేన్. అది ఎక్కువైతే శక్తి ఎక్కువ ఉన్నట్టు కాదని, మంట తనదాకా రాకముందే తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే గుణమే ఎక్కువ ఉన్నట్టని మీకు మళ్లీ చెప్పను. గొడవంతా నంబర్ల దగ్గరే వస్తుంది. చాలా దేశాల్లో బంకుల్లో రాసేది ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్). అమెరికా, కెనడాల్లో రాసేది ఏకేఐ (యాంటీ నాక్ ఇండెక్స్), అంటే ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబర్)ల సగటు. అక్కడి 87 ఇక్కడి లెక్కలో దాదాపు 91-92 ఆర్‌ఓఎన్, అక్కడి 91 దాదాపు 95-96, అక్కడి 93 దాదాపు 98. ఇది తెలియక, "నా కారూ అదే మోడల్, 91తోనే బ్రహ్మాండంగా నడుస్తోంది" అని అమెరికాలో ఉన్నవాళ్లు అన్న మాట పట్టుకుని 98 ఆర్‌ఓఎన్ అడిగే ఇంజిన్‌లో 91 ఆర్‌ఓఎన్ పోసేవాళ్లున్నారు. అక్కడే నాలుగైదు అంకెల తేడా పడిపోయింది. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ మీద నంబరు పక్కన ఆర్‌ఓఎన్ అని ఉందా, ఏకేఐ అని ఉందా అన్నది మొదట చూడండి.

ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అనే ఈ రెండు కొలతలు ఎక్కడ పుట్టాయో తెలిస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. రెండూ ఒకే రకం సింగిల్ సిలిండర్ ప్రయోగశాల ఇంజిన్ మీద కొలిచేవే. ఆర్‌ఓఎన్‌కు దాన్ని 600 ఆర్‌పీఎం దగ్గర, లోపలికి వెళ్లే గాలి సుమారు 52 డిగ్రీల సెల్సియస్ ఉండగా నడుపుతారు. ఎంఓఎన్‌కు 900 ఆర్‌పీఎం దగ్గర, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని 149 డిగ్రీలకు వేడిచేసి నడుపుతారు. ఇంటర్‌కూలర్ (లోపలికి వెళ్లే గాలిని చల్లబరిచేది), డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చల్లే పద్ధతి) ఉన్న నేటి టర్బో ఇంజిన్, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే ఇంజిన్, ఈ రెండు పరిస్థితుల్లోనూ ఉండదు. దానిలో పీడనం చాలా ఎక్కువ, ఆ పీడనానికి ఉష్ణోగ్రత మాత్రం తక్కువ. గౌతమ్ కల్‌ఘట్గీ అనే ఇంధన పరిశోధకుడు ప్రతిపాదించిన ఆక్టేన్ ఇండెక్స్ ఈ చిక్కును చక్కగా విప్పుతుంది. ఆర్‌ఓఎన్‌లోంచి ఎంఓఎన్ తీసేస్తే వచ్చేది సెన్సిటివిటీ. దాన్ని కే అనే గుణకంతో గుణించి ఆర్‌ఓఎన్‌లోంచి తీసేస్తే, ఆ ఇంజిన్‌కు ఆ పెట్రోల్ నిజంగా ఎంత ఆక్టేన్‌గా పనిచేస్తుందో వస్తుంది. ఏకేఐ అంటే కే విలువ 0.5 అనుకోవడమే. నేటి టర్బో ఇంజిన్లలో, తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడు దగ్గర కే సున్నా కంటే కిందికి పోతుంది.

ఉదాహరణకు రెండు పెట్రోళ్లు తీసుకోండి, రెండూ 95 ఆర్‌ఓఎన్. ఒకదాని ఎంఓఎన్ 85, రెండోదానిది 88. ఏకేఐ లెక్కలో మొదటిది 90, రెండోది 91.5, అంటే రెండోదే మేలు. కే విలువ మైనస్ 0.5 అయిన టర్బో ఇంజిన్‌లో మొదటిది 100లా, రెండోది 98.5లా పనిచేస్తుంది. తీర్పు తిరగబడింది. ఎంఓఎన్‌ను బంకులో ఎవరూ రాయరు కాబట్టి రోజువారీ ఎంపికలో ఈ లెక్క వేయలేం. కానీ ఒక్కటి గట్టిగా చెప్పొచ్చు: టర్బో బండికి నమ్మదగిన నంబరు ఆర్‌ఓఎన్. ఇథనాల్ కలిసిన పెట్రోల్ టర్బోలకు కలిసిరావడానికి ఒక కారణం కూడా ఇదే, ఇథనాల్ సెన్సిటివిటీ చాలా ఎక్కువ.

కంప్రెషన్ రేషియో (సిలిండర్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క) చూసి గ్రేడు ఊహించేవాళ్లకు కూడా ఒక మాట. మాజ్డా స్కైయాక్టివ్-జీ ఇంజిన్ 14:1 కంప్రెషన్‌తో 95 ఆర్‌ఓఎన్ మీద నడిచింది. సిలిండర్‌లో మిగిలిపోయే వేడి వాయువును పొడవాటి 4-2-1 ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌తో బయటికి లాగేయడం, పిస్టన్ తల మీద గుంట ఇవ్వడం లాంటి పనులతో అది సాధ్యమైంది. ఇటు 9.5:1 మాత్రమే ఉన్న టర్బో ఇంజిన్ 98 అడగొచ్చు. అందుకని బ్రోషర్‌లోని రేషియోను బట్టి తీర్మానాలు చేయకండి.

సెన్సర్ వినగలిగేదెంత

నాక్ సెన్సర్ అంటే ఇంజిన్ బ్లాకుకు బోల్టుతో బిగించిన పీజో స్ఫటికం, కంపం తగిలితే కరెంటు పుట్టిస్తుంది. ఆఖరున కాలాల్సిన మిశ్రమం మంట తనదాకా రాకముందే ఒక్కసారిగా అంటుకుంటే సిలిండర్‌లో పీడన తరంగం గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. 86 మిల్లీమీటర్ల బోర్ ఉన్న సిలిండర్‌లో ఆ మోత 6 నుంచి 7 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఈసీయూ ఆ శబ్దం కోసమే చెవి ఒగ్గి ఉంటుంది. వినగానే ఆ సిలిండర్ టైమింగ్‌ను రెండు మూడు డిగ్రీలు (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే కోణంలో) వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా ముందుకు తెస్తుంది. మళ్లీ నాక్ వినపడితే మళ్లీ వెనక్కి.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, నాక్ జరిగాకే సెన్సర్ వింటుంది. తక్కువ గ్రేడు పోసి యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటే ఇంజిన్ నాక్ అంచున మళ్లీ మళ్లీ తగిలి వెనక్కి వస్తూ ఉంటుంది. ఈ తంతు తగ్గించడానికే చాలా ఈసీయూలు నేర్చుకున్నది గుర్తుపెట్టుకుంటాయి. సుబారు బండ్లలో 0 నుంచి 1 వరకు ఉండే ఒక గుణకం ఉంటుంది, 1 ఉంటే అంతా బాగున్నట్టు. ఫోర్డ్ ఎకోబూస్ట్ ఇంజిన్లలో ఆక్టేన్ అడ్జస్ట్ రేషియో అని ఉంటుంది, అక్కడ మైనస్ 1 ఉంటే మంచిది, ప్లస్ వైపు పోతుంటే పెట్రోల్ నచ్చడం లేదన్నమాట. జీఎం బండ్లలో ఎక్కువ ఆక్టేన్‌కు ఒక పట్టిక, తక్కువకు ఇంకొకటి ఉంటాయి, ఈసీయూ వాటి మధ్య ఎక్కడో నిలబడుతుంది.

"అంటే సర్దుకుంటున్నట్టేగా?" అని అడగొచ్చు. సర్దుకుంటుంది, కానీ ఊరికే కాదు. మిశ్రమంలో సగం కాలే ఘట్టం పిస్టన్ పై చివర దాటిన 8 నుంచి 10 డిగ్రీల దగ్గర జరిగితే ఇంజిన్‌కు గరిష్ఠ లాభం. టర్బో ఇంజిన్లు పూర్తి లోడులో నాక్ భయంతో ఇప్పటికే అక్కడినుంచి బాగా వెనకబడి, 20 డిగ్రీలు దాటి నడుస్తుంటాయి. ఆదర్శ స్థానం దగ్గర ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా టార్క్‌లో తేడా తెలియదు. ఇంత వెనక నుంచి మరో మూడు డిగ్రీలు పోతే మాత్రం టార్క్ కళ్లముందే జారిపోతుంది. ఆలస్యంగా కాలిన వాయువు ఇంకా వేడిగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. టర్బైన్, క్యాటలిటిక్ కన్వర్టర్ తట్టుకునే హద్దు దాటకుండా ఉండడానికి ఈసీయూ అదనంగా పెట్రోల్ చల్లి చల్లబరుస్తుంది. చౌక పెట్రోల్‌తో ఆదా చేద్దామనుకున్నది అక్కడే ఆవిరవుతుంది.

సెన్సర్ చేతకాని పనులు ఇంకా ఉన్నాయి. దాన్ని బిగించే టార్క్ సాధారణంగా 20 న్యూటన్ మీటర్లు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి పెట్టినప్పుడు ఎవరైనా అంచనాగా బిగించినా, తుప్పు, పెయింటు గీకకుండా పెట్టినా, మధ్యలో వాషర్ వేసినా దాని వినికిడి మారిపోతుంది. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర వాల్వుల చప్పుడు, పిస్టన్ చప్పుడు అసలు శబ్దాన్ని మింగేస్తాయి. అక్కడ మన చెవికి కూడా ఏమీ వినపడదు. "నాకింగ్ వస్తే నాకు తెలుస్తుంది" అనేవాళ్లు నెమ్మదిగా పై గేరులో ఈడ్చినప్పుడు వచ్చే టకటక గురించి మాట్లాడుతున్నారు. పిస్టన్ రింగుల మధ్య గట్టును విరగ్గొట్టేది చాలాసార్లు ఆ టకటక కాదు, 5500 ఆర్‌పీఎం దగ్గర వినపడకుండా జరిగేది.

డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో ఇంకో రకం ప్రమాదం ఉంది, తక్కువ వేగంలో వచ్చే ప్రీ-ఇగ్నిషన్. స్పార్క్ పడకముందే మంట మొదలవుతుంది కాబట్టి టైమింగ్ ఎంత వెనక్కి లాగినా ఉపయోగం లేదు. అది మొదలవడానికి ముఖ్య కారణం సిలిండర్‌లోకి చేరే ఇంజిన్ ఆయిల్ తుంపరలు, కార్బన్ రేణువులు. ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లు దాన్ని ప్రేరేపిస్తాయని తేలాకే 2018లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. దీనికి విరుగుడు పెద్ద ఆక్టేన్ కాదు. ఎస్‌పీ రకం ఆయిల్ వాడడం, 2000 ఆర్‌పీఎం కింద పై గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకపోవడం.

"తప్పనిసరి" వేరు, "సిఫార్సు" వేరు

మాన్యువల్‌లో మూడు రకాల మాటలుంటాయి: కనీసం ఇంత, సిఫార్సు ఇంత, తప్పనిసరిగా ఇంత. చాలా బండ్లకు కనీసం 95, సిఫార్సు 98 అని ఉంటుంది. 95 మీద ఇంజిన్ సురక్షితమని, బ్రోషర్‌లో రాసిన పవర్ మాత్రం 98 మీద వచ్చిందని దాని అర్థం. 2016లో వచ్చిన మాజ్డా సీఎక్స్-9 టర్బో ఇంజిన్ దీన్ని దాచకుండా చెప్పింది: 93 ఏకేఐ మీద 250 హార్స్‌పవర్, 87 మీద 227. కానీ గరిష్ఠ టార్క్ రెండిటి మీదా ఒకటే, అదీ 2000 ఆర్‌పీఎం దగ్గరే. అంటే ఊళ్లో రోజూ తిరిగేటప్పుడు తేడా ఏమీ తెలియదు, పైన 5000 దగ్గర గట్టిగా తొక్కినప్పుడే తెలుస్తుంది.

ఇక్కడ నాకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం: "నేను నెమ్మదిగానే నడుపుతాను, నాకు ఆ పైగ్రేడు ఎందుకు?" సిఫార్సు బండి అయితే ఇది న్యాయమైన ప్రశ్నే. తక్కువ లోడులో నాక్ రాదు, టైమింగ్ రెండు పెట్రోళ్లకూ ఒకటే ఉంటుంది, మైలేజీ కూడా ఒకటే. అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2017లో సిఫార్సు రకం బండ్లను పరీక్షించినప్పుడు, ప్రీమియంతో మైలేజీ సగటున 2.7 శాతం, పవర్ 1.4 శాతం మాత్రమే పెరిగాయి. అంతకుముందు ఏడాది మామూలు పెట్రోల్ చాలనే బండ్లలో ప్రీమియం పోసి చూస్తే లాభం కనపడలేదు. ఈ అంకెల ముందు, ప్రతి బండికీ పెద్ద నంబరే పోయమనే వాదన నిలవదు.

తప్పనిసరి అని రాసిన బండికి మాత్రం ఆ న్యాయం వర్తించదు. మండు వేసవిలో, నలుగురిని ఎక్కించుకుని, ఎత్తు మీద ఓవర్‌టేక్ చేయాల్సిన ఒక్క సందర్భం చాలు. అప్పటిదాకా నెమ్మదిగా నడిపిన రికార్డు పిస్టన్‌ను కాపాడదు. ఆ ఇంజిన్‌కు టైమింగ్ పట్టికలో కిందికి దిగడానికి మెట్లు తక్కువ పెట్టారు, అందుకే ఆ మాట రాశారు.

కొండ ప్రాంతాల్లో తక్కువ గ్రేడు చాలన్న పాత మాట కూడా టర్బో బండ్ల దగ్గర పనిచేయదు. గాలి పల్చబడితే టర్బో లేని ఇంజిన్‌లో పీడనం తగ్గి ఆక్టేన్ అవసరం తగ్గుతుంది. టర్బో ఆ లోటును భర్తీ చేయడానికి ఇంకా వేగంగా తిరిగి, గాలిని ఇంకా వేడెక్కించి ఇస్తుంది.

స్కానర్‌తో పరీక్ష

ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటర్‌ను చదవడానికి ఇచ్చిన సాకెట్‌కు) బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, మీ బండి కంపెనీ సొంత పారామీటర్లను చదవగలిగే యాప్ వాడండి. మామూలు ఓబీడీ యాప్ టైమింగ్ చూపిస్తుంది కానీ సిలిండర్ వారీ నాక్ కరెక్షన్ (నాక్ విని ఈసీయూ టైమింగ్‌ను ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగిందో) చూపించదు. రికార్డు చేయాల్సినవి: ఆర్‌పీఎం, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) లేదా లోడు, ఇగ్నిషన్ టైమింగ్, ప్రతి సిలిండర్ నాక్ కరెక్షన్, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత.

ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక కొత్త గ్రేడు నింపండి. ఈసీయూ నేర్చుకోవడానికి సగం ట్యాంకైనా మామూలుగా నడపండి. తర్వాత ఇంజిన్, ఆయిల్ పూర్తిగా వేడెక్కాక, ట్రాక్ లాంటి సురక్షితమైన చోట మూడో గేరులో 2500 నుంచి 6000 ఆర్‌పీఎం వరకు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి రికార్డు చేయండి. మధ్యలో చల్లబడనిచ్చి మళ్లీ రెండుసార్లు. గాలి ఉష్ణోగ్రత ఒకేలా ఉన్న పరుగులనే పోల్చాలి. చల్లని పొద్దున తీసిన రికార్డును మధ్యాహ్నం రికార్డుతో పోలిస్తే మీరు పోల్చింది వాతావరణాన్ని, పెట్రోల్‌ను కాదు.

అక్కడక్కడ ఒకటి రెండు డిగ్రీల కరెక్షన్ వచ్చి పోతే కంగారు పడక్కర్లేదు. అన్ని సిలిండర్లలోనూ ఒకే ఆర్‌పీఎం దగ్గర మైనస్ 3, మైనస్ 4 నిలకడగా కనిపిస్తే పెట్రోల్ చాలడం లేదు. ఒక్క సిలిండర్‌లోనే వస్తుంటే గ్రేడు మార్చి లాభం లేదు, అక్కడి ప్లగ్, ఇంజెక్టర్, కార్బన్ చూడాలి. 95 మీదా 98 మీదా కరెక్షన్ సున్నా, టైమింగ్ కూడా ఒకటే అయితే ఆ ఇంజిన్‌కు 98తో పనిలేదు. ఆ మిగులు డబ్బు మంచి ఆయిల్ మీద పెట్టండి.

తర్వాత ప్లగ్గులు విప్పి భూతద్దంతో చూడండి. మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ ఉన్న తెల్లటి పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే నాకింగ్ జరుగుతోంది. వాటి మధ్య వెండిలా మెరిసే సన్నటి పూసలు కనిపిస్తే అది పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. అది కనపడ్డాక బండి నడపడం ఆపి కంప్రెషన్ పరీక్ష, లీక్‌డౌన్ పరీక్ష చేయించాలి. పింగాణీ ఎర్రటి ఇటుక రంగులో ఉంటే అది ఫెర్రోసీన్ లాంటి ఇనుప సమ్మేళనం ఉన్న ఆక్టేన్ బూస్టర్ చేసిన పని. ఆ పూత కరెంటును లీక్ చేసి మిస్‌ఫైర్లు తెస్తుంది. బూస్టర్ డబ్బా మీద రాసే "పాయింట్లు" తరచుగా ఆక్టేన్‌లో పదో వంతులు. 30 పాయింట్లంటే 3 ఆక్టేన్ మాత్రమే. 95లో పోస్తే 125 అవుతుందని ఆశపడకండి.

రీమ్యాప్ చేయించిన, అంటే పవర్ కోసం ఈసీయూలోని పట్టికలు మార్పించిన బండ్లది వేరే సంగతి. కంపెనీ వేసిన భద్రతా మార్జిన్‌ను ట్యూనర్ పవర్‌గా మార్చేశాడు. అప్పటిదాకా సిఫార్సుగా ఉన్న 98 ఆ రోజు నుంచి తప్పనిసరి అయింది. ఏ గ్రేడుకు మ్యాప్ రాశారో ఆర్‌ఓఎన్ అంకెతో రాసి ఇవ్వమనండి. ఈ85 (85 శాతం వరకు ఇథనాల్ ఉండే ఇంధనం) ఊరిస్తుంది నిజమే, ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కంటే రెట్టింపుకు పైగా వేడి లాగేసుకుంటుంది కాబట్టి నాక్ దూరమవుతుంది. కానీ అదే పని చేయడానికి 30 నుంచి 40 శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. ఇంజెక్టర్లు, పంపు, మ్యాప్ మార్చకుండా అది పోస్తే ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని తనంతట తాను పెంచి తగ్గించే సర్దుబాటు) హద్దు దాటి, సరిగ్గా పూర్తి లోడులో మిశ్రమం పలచబడుతుంది. ఆక్టేన్ పెంచుదామని పోసిన ఇంధనమే పిస్టన్ కరిగిస్తుంది. నెలల తరబడి కదలని బండిలో ఇథనాల్ పెట్రోల్ ఉంచితే నీరు పీల్చుకుంటుంది. ఈ10లో (10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌లో) నీరు సుమారు అర శాతం దాటితే ఇథనాల్ నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ రెండు మూడు అంకెలు పడిపోతుంది. అలా నిలిపే బండికి ట్యాంకు నిండుగా ఉంచాలి, లోపల గాలికి చోటు తగ్గుతుంది.

పొరపాటున తక్కువది పోస్తే

98 అడిగే బండిలో 91 పోసేస్తే వెంటనే ట్యాంకు దింపాల్సిన అవసరం చాలాసార్లు రాదు. స్పోర్ట్ మోడ్ ఆపేయండి. ఆర్‌పీఎం 2500 నుంచి 4000 మధ్య ఉంచి, బూస్ట్ పెరగకుండా తేలిగ్గా నడపండి, ఎత్తు వస్తే గేరు తగ్గించండి. మూడో వంతు మిగిలే వరకు ఆగి పైగ్రేడు నింపండి. 60 లీటర్ల ట్యాంకులో 20 లీటర్ల 91 మీద 40 లీటర్ల 98 పోస్తే సుమారు 95.7 వస్తుంది. ఒకే రకం పెట్రోళ్లకు ఈ సగటు లెక్క దగ్గరగానే ఉంటుంది, ఇథనాల్ శాతాలు వేరైతే కొంచెం తప్పుతుంది. కనీసం 95 అన్న బండికి అది చాలు. 98 తప్పనిసరి అన్న బండికి, రీమ్యాప్ చేసిన బండికి అది చాలదు. మరో ట్యాంకు పూర్తయ్యేదాకా అలాగే తేలిగ్గా నడపాలి. ట్రాక్ మీదికి వెళ్లాల్సిన రోజైతే ట్యాంకు దింపించి కొత్తగా నింపడమే మంచిది.